కొలొస్సయి సంఘంలో పౌలు చూసిన స్థిరత్వం: తెలుగు సంఘ కాపరులకు బహిరంగ లేఖ

తెలుగు సంఘాలలో వాక్యపరిచర్య చేస్తున్న కాపరులకు, సంఘ పెద్దలకు, బైబిలు పాఠశాలల బోధకులకు, స్వస్థత కూటాలలో ప్రసంగించే దైవసేవకులకు,

ప్రభువైన యేసుక్రీస్తు నామంలో వందనాలు.

కొలొస్సయులకు రాసిన పత్రిక రెండవ అధ్యాయం ఐదవ వచనంలో పౌలు, ఆ సంఘంవారి "స్థిరవిశ్వాసమును" చూసి ఆనందిస్తున్నానని అంటాడు. ఈ ఒక్క మాటను మన బోధలో ఎలా వాడుతున్నామో, దాని అడుగున ఉన్న గ్రీకు మాట అసలు ఏం చెబుతుందో మీ ముందు పెట్టాలని ఈ లేఖ రాస్తున్నాను. మన కూటాలలో స్థిరవిశ్వాసం అంటే ఒక మనిషి తన మనసులోకి సందేహాన్ని రానివ్వకుండా బిగబట్టుకొని ఉండే శక్తి అన్నట్టుగా చెబుతున్నాం. ఆ శక్తి ఉన్నవారికి జబ్బు నయమవుతుందనీ, కోర్టు కేసు గెలుస్తుందనీ, బిడ్డకు ఉద్యోగం వస్తుందనీ, రాకపోతే విశ్వాసంలో ఎక్కడో పగులు ఉందనీ అంటున్నాం. పౌలు ఆ అర్థంతో ఆ మాట రాయలేదని నేను నమ్ముతున్నాను. ఆ మాటను అలా వాడడం వల్ల మన సంఘాలలో నెమ్మదస్తులైన, మాట పడి ఊరుకునే మనుషులే ఎక్కువగా గాయపడుతున్నారు కాబట్టి దీన్ని పండితుల మధ్య చర్చగా వదిలేయడం నాకు చేతకావడం లేదు.

ఆ గ్రీకు మాట స్టెరెయోమా. కొత్త నిబంధన మొత్తంలో ఈ రూపంలో ఆ మాట వచ్చేది ఈ ఒక్క చోటే. స్టెరెయోస్ అనే విశేషణం నుంచి అది పుట్టింది. స్టెరెయోస్ అంటే గట్టిది, లోపల డొల్ల లేనిది, చిక్కబడినది. మనం పాటలు వినే స్టీరియో పేరులో ఉన్నది కూడా ఈ మాటే. హెబ్రీయుల పత్రిక ఐదవ అధ్యాయంలో పాలు తాగే శిశువులకూ వయసు వచ్చినవారికీ తేడా చెబుతూ "బలమైన ఆహారము" అన్నచోట ఉన్నది ఈ విశేషణమే, అంటే నమిలి తినే గట్టి ఆహారం. తిమోతికి రాసిన రెండవ పత్రికలో "దేవునియొక్క స్థిరమైన పునాది" అన్నచోట కూడా అదే.

గ్రీకులో మాట చివర "మా" అనే ప్రత్యయం చేరితే సాధారణంగా అది ఒక పని జరిగాక మిగిలిన ఫలితాన్ని చెబుతుంది. కాబట్టి స్టెరెయోమా అంటే గట్టిపరచగా ఏర్పడినది, గట్టిపడి నిలిచినది. గట్టిగా ఉండాలి అనే పట్టుదలకు అది పేరు కాదు. పాలు తోడుకొని గట్టి పెరుగు కావడం మన ఇళ్లలో అందరూ ఎరిగినదే. తోడు బయటి నుంచి వేయాలి, వెచ్చదనం ఉండాలి, రాత్రంతా గిన్నె కదపకుండా ఉంచాలి. పాలు తమంతట తాము బిగుసుకొని పెరుగు కావు, గిన్నెను బెదిరించినా కావు. కొలొస్సయిలో పౌలు చూసినది ఇలా తోడుకున్న విశ్వాసం. ఎవరో వేసిన తోడు, కొంత కాలం, కొంత కాపుదల దాని వెనుక ఉన్నాయి.

మన పాత అనువాదం "స్థిరవిశ్వాసము" అని సమాసం చేసింది. అందులో తప్పు ఉందని నేను అనను. కానీ సమాసం చేయడంతో ఒక సంగతి మరుగున పడింది. గ్రీకులో ముందు నిలబడిన నామవాచకం స్థిరత్వం. "క్రీస్తు వైపుకున్న మీ విశ్వాసం యొక్క స్థిరత్వం" అన్నది అక్కడి వరస. తెలుగులో స్థిరత్వం విశేషణంగా కుదించుకుపోయి, విశ్వాసం ముందుకు వచ్చింది. వినేవారికి రెండు రకాల విశ్వాసాలు ఉన్నట్టు, స్థిరమైనది ఒకటి, అస్థిరమైనది ఒకటి ఉన్నట్టు, తమది ఏ రకమో తేల్చుకోవాలన్నట్టు తోస్తుంది. "మీ" అన్న మాటలో మనకు ఇంకొక చిక్కు ఉంది. గ్రీకులో అక్కడ ఉన్నది బహువచనం, సంఘం మొత్తానికి చెప్పినది. తెలుగులో "మీ" అనేది పదిమందికీ చెల్లుతుంది, గౌరవించదగిన ఒక్క మనిషికీ చెల్లుతుంది. వాగ్దాన కార్డు మీద ఆ వచనం అచ్చయి ఒక ఇంటికి వచ్చినప్పుడు ఆ ఇంటి పెద్ద దాన్ని తన ఒక్కడి గురించిన మాటగానే చదువుకుంటాడు.

ఇంకొక మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఈ పత్రికలోనే ఒకటవ అధ్యాయం 23వ వచనంలో "స్థిరముగా" అన్నచోట గ్రీకులో ఉన్నది హెద్రాయోస్, అది కూర్చున్న చోటు నుంచి కదలకపోవడాన్ని చెప్పే మాట. రెండవ అధ్యాయం ఏడవ వచనంలో "స్థిరపరచబడుచు" అన్నచోట ఉన్నది బెబాయోస్ అనే మాటకు చెందిన క్రియ, ఒప్పందం చెల్లుబాటు అవుతుందని రూఢి చేయడంలో వాడే మాట అది. ఐదవ వచనంలో ఉన్నది స్టెరెయోమా. మూడు వేర్వేరు మాటలకూ మనకు ఉన్నది "స్థిర" అన్న ఒక్క మాటే. అందుకని ఐదవ వచనం చదివేటప్పుడు మనం మిగతా రెండింటి భారాన్ని కూడా దాని మీదే మోపుతున్నాం, దానికంటూ ఉన్న ప్రత్యేకమైన అర్థాన్ని మాత్రం వదిలేస్తున్నాం.

ఆ ప్రత్యేకమైన అర్థం ఎక్కడిది? పౌలు కాలపు విశ్వాసులలో చాలామంది పాత నిబంధనను గ్రీకు అనువాదంలోనే విన్నారు. క్రీస్తుకు పూర్వం మూడవ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో మొదలైన ఆ అనువాదంలో స్టెరెయోమా అనే మాట మొదటి పేజీలోనే ఎదురవుతుంది. ఆదికాండం ఒకటవ అధ్యాయంలో "జలముల మధ్య నొక విశాలము" అని మనం చదివేచోట గ్రీకు అనువాదకులు స్టెరెయోమా అని రాశారు. హెబ్రీలో అక్కడ ఉన్న రాకియా అనే మాట లోహాన్ని రేకుగా సాగగొట్టడాన్ని చెప్పే ధాతువుకు చెందినది. మన తెలుగు అనువాదం ఆ పరచుకోవడాన్ని పట్టుకొని విశాలము అంది, గ్రీకువారు ఆ గట్టిదనాన్ని పట్టుకున్నారు. "అంతరిక్షము ఆయన చేతిపనిని ప్రచురపరచుచున్నది" అని మనం పాడుకొనే 19వ కీర్తనలోనూ అంతరిక్షం స్థానంలో ఉన్నది ఈ మాటే. తరువాత లాటిను బైబిలు ఆదికాండంలోనూ కొలొస్సయులకు రాసిన పత్రికలోనూ ఫిర్మామెంటుమ్ అనే ఒకే మాట వాడింది. ఆ రెండు చోట్ల ఉన్నది ఒకే మాట అని వారు మరచిపోలేదు.

అంతకంటే ముఖ్యమైనది 18వ కీర్తన రెండవ వచనం. "యెహోవా నా శైలము, నా కోట" అని మనకు కంఠతా ఉన్న ఆ వచనాన్ని గ్రీకు అనువాదం "ప్రభువే నా స్టెరెయోమా" అని మొదలుపెడుతుంది. గ్రీకు కీర్తనలు వింటూ పెరిగిన మనిషికి స్థిరత్వం అనగానే మొదట తోచేది తన మనసు కాదు, తన దేవుడు. తాను ఎంత వణికినా తాను ఎక్కి నిలబడిన బండ వణకదు అన్నదే ఆ కీర్తన ధైర్యం. పౌలు కూడా విశ్వాసపు స్థిరత్వం అని ఊరుకోకుండా అది క్రీస్తు వైపుకున్న విశ్వాసం అని చేర్చాడు. స్థిరత్వం ఎక్కడి నుంచి వస్తుందో ఆ చేర్పులోనే ఉంది.

ఈ మాటకు సంబంధించిన క్రియ అపొస్తలుల కార్యములలో మూడు సార్లు వస్తుంది, కొత్త నిబంధనలో మరెక్కడా లేదు. మూడూ చదివితే నేను చెప్పేదానికి సాక్ష్యం దొరుకుతుంది. మూడవ అధ్యాయంలో శృంగారమను దేవాలయ ద్వారం దగ్గర పుట్టుకతోనే కుంటివాడైన ఒకడు కూర్చొని ఉన్నాడు. పేతురు వాని కుడిచెయ్యి పట్టుకొని లేవనెత్తాడు, "వెంటనే వాని పాదములును చీలమండలును బలము పొందెను." బలము పొందెను అన్నచోట ఉన్నది ఈ క్రియే. ఆ వరస గమనించండి. ఆ మనిషి అడిగినది భిక్షం. లేవగలనన్న నమ్మకం అతడు ముందుగా ప్రకటించినట్టు ఆ గ్రంథం రాసిన లూకా ఎక్కడా రాయలేదు. పేతురు చెయ్యి పట్టుకున్నాడు, లేపాడు, ఆ పట్టులో ఉండగానే కాళ్లకు గట్టిదనం వచ్చింది. తరువాత పదహారవ వచనంలో పేతురు జనానికి వివరిస్తూ యేసు నామమే ఇతనిని బలపరిచిందని మళ్లీ అదే క్రియ వాడతాడు. ఆ నామమందలి విశ్వాసం గురించి కూడా అక్కడ చెప్పాడు, నేను దాన్ని దాచడం లేదు. కానీ ఆ వాక్యంలోనే అది "ఆయనవలన" కలిగిన విశ్వాసం అని ఉంది. బలపరిచిన నామమూ ఆయనదే, విశ్వాసం పుట్టినదీ ఆయన వల్లనే.

మూడవది పదహారవ అధ్యాయం ఐదవ వచనం: "గనుక సంఘములు విశ్వాసమందు స్థిరపడి, అనుదినము లెక్కకు విస్తరించుచుండెను." ఈ వచనాన్ని సువార్త సభల బ్యానర్ల మీద చూస్తుంటాం. కానీ అది "గనుక" అని మొదలవుతుంది. దేని వలన గనుక? ముందు వచనం చెబుతుంది. యెరూషలేములో అపొస్తలులూ పెద్దలూ నిర్ణయించిన విధులను పౌలు పట్టణం వెంట పట్టణం తిరుగుతూ సంఘాలకు అప్పగించాడు. ఆ నిర్ణయం ఏమిటి? అన్యజనులలో నుంచి వచ్చినవారికి సున్నతి అక్కర్లేదనీ, అవసరమైన కొద్ది సంగతులు తప్ప ఎక్కువ భారం వారి మీద మోపకూడదనీ. అంటే సంఘాలు గట్టిపడినది కొత్త నియమాలు పెట్టినందువల్ల కాదు, అక్కర్లేని బరువు దింపినందువల్ల. నా మట్టుకు ఈ లేఖలో మీరు ఒక్క సంగతి మాత్రమే గుర్తుపెట్టుకుంటే ఇది గుర్తుపెట్టుకోండని వేడుకుంటాను.

కొలొస్సయి సంఘం సంగతీ ఇదే. లైకస్ లోయలో, లవొదికయ, హియెరాపొలి పట్టణాలకు పొరుగున ఉన్న చిన్న ఊరు అది. నేటి టర్కీలో దెనిజ్లీ పట్టణానికి దగ్గరలో దాని దిబ్బ ఇప్పటికీ ఉంది. ఆ సంఘాన్ని పౌలు కళ్లతో చూడలేదు, రెండవ అధ్యాయం మొదట్లో ఆయనే చెబుతాడు. అక్కడ సువార్త చెప్పినది ఎపఫ్రా. ఆ సంఘంలోకి ఎవరో చక్కని మాటలతో వచ్చి, క్రీస్తు ఒక్కడు చాలడు, ఇంకా కొన్ని కావాలి అని చెప్పడం మొదలుపెట్టారు. ఆ కొన్ని ఏమిటో పౌలు మాటల నుంచి తెలుస్తుంది: తినడం, తాగడం, పండుగలు, అమావాస్య, విశ్రాంతిదినం, దేవదూతలను పూజించడం, "చేత పట్టుకొనవద్దు, రుచి చూడవద్దు, ముట్టవద్దు" అనే విధులు. స్థిరవిశ్వాసం అన్న మాటకు సరిగ్గా ముందు వచనంలో "ఎవడైనను చక్కని మాటలచేత" మోసపరచకూడదని హెచ్చరిక ఉంది. ఆ తరువాత మూడు వచనాలకే "చెరపట్టుకొని పోవువాడు" ఉన్నాడేమో చూసుకోమని ఉంది. ఈ రెండింటి మధ్య ఉన్న స్టెరెయోమా, క్రీస్తుకు తోడు ఇంకేదో కావాలనే బోధకు లొంగకుండా ఒక సంఘం నిలబడడం. జ్వరం తగ్గుతుందా లేదా అన్న ప్రశ్న ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు.

ఆ మాటకు జంటగా ఉన్న ఇంకొక మాట కూడా తెలుగులో మరుగున పడింది. "మీ యోగ్యమైన ప్రవర్తనను" అని మనం చదివేచోట గ్రీకులో ఉన్నది తాక్సిస్. మెల్కీసెదెకు "క్రమము చొప్పున" అని హెబ్రీయుల పత్రికలో ఉన్నది, "సమస్తమును మర్యాదగాను క్రమముగాను జరుగనియ్యుడి" అని కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఉన్నది, జెకర్యా తన "తరగతి క్రమము చొప్పున" యాజకధర్మం జరిగించాడని లూకా రాసినది, అన్నీ ఈ మాటే. మిగతా చోట్ల క్రమము అన్న అనువాదకులు ఇక్కడ మాత్రం యోగ్యమైన ప్రవర్తన అన్నారు. దానితో సంఘపు వరుసను గురించిన మాట ఒక్కొక్కరి నడవడికను గురించిన మాటగా మారింది. ఈ రెండు మాటలనూ కలిపి చూసి పౌలు సైన్యాన్ని మనసులో పెట్టుకున్నాడని 19వ శతాబ్దపు వ్యాఖ్యాత జె.బి. లైట్‌ఫుట్ రాశాడు. పాత యూదు చరిత్ర గ్రంథమైన మక్కబీయుల మొదటి గ్రంథం తొమ్మిదవ అధ్యాయంలో స్టెరెయోమా సైన్యపు బలమైన భాగాన్ని చెప్పడానికి వాడిన మాటే. అయితే చుట్టూ యుద్ధం మాట లేనప్పుడు ఆ మాటలకు ఆ అర్థం అంటగట్టకూడదని తరువాతి వ్యాఖ్యాతలు కొందరు అన్నారు. నాకు వారి మాటే సబబుగా తోస్తుంది. సైన్యం ఉన్నా లేకపోయినా తేలేది ఒకటే, క్రమమూ స్థిరత్వమూ రెండూ ఒకరి పక్కన ఒకరు నిలబడిన మనుషులకు వర్తించేవి. ఒంటరి మనిషికి వరుస ఉండదు.

ఇక నన్ను ఈ లేఖ రాయించిన సంగతి. నాకు బాగా తెలిసిన ఒక సంఘంలో ఒక తల్లి ఉంది. భర్త లేడు, ఇద్దరు కొడుకులూ పొరుగూళ్లలో పని చేసుకుంటారు. చాలా కాలంగా షుగరు, రోజూ ఇన్సులిన్ సూది వేసుకొనేది. ఒక స్వస్థత కూటంలో ప్రసంగికుడు ఈ కొలొస్సయి వచనమే తీసుకొని, ఒక చేత్తో విశ్వాసం, ఒక చేత్తో సూది పట్టుకున్నవారిది స్థిరవిశ్వాసం కాదని చెప్పాడు. ఆమె ఆ రాత్రి ఇంటికి వెళ్లి, ఫ్రిజ్ లేదు కాబట్టి మట్టికుండలో తడిగుడ్డ చుట్టి పెట్టుకున్న మందు బుడ్డిని తీసి పక్కింటివారికి ఇచ్చేసింది. కొన్ని వారాలకు కాలి పుండు ముదిరింది. కొడుకులు ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి ఆలస్యమై రెండు వేళ్లు తీసేయాల్సి వచ్చింది. ప్రాణం దక్కింది, దేవునికి స్తోత్రం. కానీ ఆసుపత్రి నుంచి వచ్చాక ఆమె ఎప్పుడూ కూర్చొనే ముందు చాప మీద కూర్చోవడం మానేసింది. చెప్పులు విడిచే గుమ్మం దగ్గర కూర్చుంటుంది. సాక్ష్యం చెప్పమంటే లేవదు. ఎందుకమ్మా అని అడిగితే, "నాది గట్టి విశ్వాసం కాదండీ, వేళ్లు పోవడంతోనే అందరికీ తెలిసిపోయింది కదా" అంది.

అయ్యా, ఆమె చేసిన పాపం ఏమిటి? వాక్యం చెప్పినవాని మాట నమ్మింది. కొలొస్సయులకు రాసిన ఆ పత్రికను ఆ ప్రసంగికుడు చివరిదాకా చదివి ఉంటే నాలుగవ అధ్యాయం 14వ వచనంలో "లూకా అను ప్రియుడైన వైద్యుడు" వందనాలు చెప్పడం కనబడేది. స్టెరెయోమాను మెచ్చుకున్న ఆ ఉత్తరంలోనే, అది రాస్తున్న గదిలోనే, ఒక వైద్యుడు ఉన్నాడు. పౌలు అతని వృత్తిని దాచలేదు, ప్రియుడు అన్నాడు. తన సహచరుడు త్రోఫిము జబ్బుపడితే పౌలు అతనిని మిలేతులో విడిచి వచ్చాడు. తిమోతి కడుపు జబ్బుకు, తరచుగా వచ్చే బలహీనతలకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని రాశాడు, నీ విశ్వాసం చాలదని రాయలేదు. తన శరీరంలోని ముల్లు తీసివేయమని మూడు సార్లు వేడుకున్నా అది పోలేదు. అన్నట్టు, ఆ 14వ వచనంలోనే వైద్యుని పక్కన దేమా పేరు కూడా ఉంది. తరువాత "యిహలోకమును స్నేహించి" పౌలును విడిచి వెళ్లినవాడు అతడే. కడదాకా పౌలు దగ్గర మిగిలినది లూకా.

మీలో కొందరు అడగవచ్చు: యాకోబు పత్రికలో సందేహించేవాడు సముద్ర తరంగం వంటివాడని ఉంది కదా, విశ్వాసులను గట్టిగా నిలబడమని చెప్పడం మానేయాలా అని. యాకోబు అక్కడ మాట్లాడుతున్నది జ్ఞానం కొదువగా ఉన్నవాడు దేవుని అడగడం గురించి, దేవునికీ లోకానికీ మధ్య ద్విమనస్కుడై ఊగేవాని గురించి. భయపడిన రోగి గురించి కాదు. "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకము ఉండకుండ సహాయము చేయుము" అని కన్నీళ్లతో కేక వేసిన తండ్రిని ప్రభువు తిప్పి పంపలేదు, కొడుకును బాగుచేసి ఇచ్చాడు. ఇక పేతురు తన మొదటి పత్రిక చివర "విశ్వాసమందు స్థిరులై వానిని ఎదిరించుడి" అన్నచోట స్టెరెయోస్ అనే మన మాటే వాడాడు. అది ఆజ్ఞే, దాన్ని తగ్గించి చెప్పమని నేను అడగను. కానీ ఆ ఆజ్ఞకు ఆనుకొనే, లోకంలో ఉన్న మీ సహోదరులకూ ఇటువంటి శ్రమలే కలుగుతున్నాయని ఎరిగి ఎదిరించమని ఉంది. మరుసటి వచనంలో దేవుడు "తానే" మిమ్మల్ని పూర్ణులనుగా చేసి స్థిరపరచి బలపరుస్తాడని ఉంది. ఒంటరిగా నీవే బిగుసుకో అని పేతురు కూడా చెప్పలేదు. శ్రమ వచ్చినందుకు నీ విశ్వాసం పలుచనిదని అసలే చెప్పలేదు.

మన తెలుగు నేల మీదనే ఈ మాటకు మంచి వ్యాఖ్యానం ఉంది, దాన్ని మనం తగినంతగా చెప్పుకోవడం లేదు. ఒంగోలు ప్రాంతంలో 1860లలో తాళ్లకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య ద్వారా మాదిగ పల్లెల్లో సువార్త పాకింది. అక్షరం రాని ఆ కుటుంబాలు, చచ్చిన పశువు మాంసం తినబోమనీ, ఆదివారం పనికి రాబోమనీ, జాతరలో డప్పు కొట్టబోమనీ చెప్పి ఊరి పెద్దల కోపానికి గురయ్యాయి. ఇవి కొలొస్సయిలోని "ముట్టవద్దు" వంటి విధులు కదా అని ఎవరైనా అనవచ్చు. నాకలా తోచదు. తరతరాలుగా వారి మెడ మీద మోపిన చాకిరీని వారు దింపుకున్నారు, అక్కడా బరువు దిగింది, మనిషి గట్టిపడ్డాడు. ఆ గట్టిదనం ఒక్కొక్కరి మనోబలం కాదు. పల్లె పల్లెంతా కలిసి నిలబడినందువల్లనే అది నిలిచింది. ఆ తరువాత 1876 నుంచి 1878 దాకా వచ్చిన పెద్ద కరువులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుగా తీసుకొని వేలమందికి పని చూపించాడు. బాప్తిస్మం ఇమ్మని జనం గుంపులుగా అడుగుతున్నా, కూలి కోసం, తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని కరువు సాయం జరిగినంత కాలం ఇవ్వకుండా ఆపాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారని మనం గొప్పగా చెప్పుకుంటాం. దాని ముందు ఆపి ఉంచిన ఆ నెలలను చెప్పుకోం. కాలువ పనిలో మేస్త్రీలుగా నిలబడిన ప్రసంగికులు సాయంత్రం పూట కూలీల మధ్య కూర్చొని వాక్యం చెప్పిన ఆ కాలాన్నే నేను స్టెరెయోమా అంటాను. ఫలితం ఆ జులైలో కనిపించింది, తోడుకున్నది అంతకుముందే.

కాబట్టి నేను మిమ్మల్ని కోరేది ఏమిటంటే, ఈ వచనం మీద వాక్యం చెప్పేటప్పుడు దాన్ని ఒక్కదాన్నే తుంచి తీయకండి. నాలుగవ వచనం నుంచి ఎనిమిదవ వచనం దాకా చదివించండి, వీలైతే పత్రిక అంతా ఒకే కూటంలో చదివించండి, నాలుగు అధ్యాయాలే కదా. లవొదికయ సంఘంలో కూడా దాన్ని చదివించమని పౌలు చెప్పినది అలా చదవడానికే. "మీ" అన్నచోట అది మనందరికీ చెప్పినదని నోటితో చెప్పండి. స్థిరవిశ్వాసం అన్న మాటను ఎవరి ఆసుపత్రి చీటీతోనూ, ఎవరి అప్పుతోనూ, ఎవరి పిల్లలు లేకపోవడంతోనూ ముడిపెట్టకండి. మందు మానమని వేదిక మీద నుంచి ఎవరైనా చెబితే, అతిథి ప్రసంగికుడని మొహమాటపడకుండా, ఆ కూటం ముగియకముందే ఆ సంఘ కాపరి లేచి సరిదిద్దాలి. జనం ఇళ్లకు వెళ్లాక చెప్పినది ఆ తల్లిలాంటివారికి చేరదు.

బైబిలు పాఠశాలల బోధకులకు మరొక మనవి. మీ విద్యార్థులకు గ్రీకు అక్షరాలు నేర్పే సమయం ఉండకపోవచ్చు. కానీ స్థిర అన్న ఒక్క తెలుగు మాట వెనుక మూడు నాలుగు మాటలు ఉన్నాయని, విశాలమూ శైలమూ బలమైన ఆహారమూ చీలమండల బలమూ ఒకే కుటుంబానికి చెందినవని చెప్పడానికి ఒక గంట చాలు. ఆ గంట విన్న కుర్రవాడు రేపు పల్లెలో మంచం పట్టిన మనిషి దగ్గర నిలబడినప్పుడు, నీ విశ్వాసం ఎంత అని అడగడానికి బదులు, పేతురు చేసినట్టు చెయ్యి పట్టుకుంటాడని నా ఆశ. పాత అనువాదాన్ని సవరించే పనిలో ఉన్నవారు ఈ వచనం అడుగున "క్రమమును, స్థిరత్వమును" అని ఒక చిన్న పాదసూచిక చేరిస్తే ఎందరికో మేలు జరుగుతుంది. దాని కోసం వచనాన్ని మార్చాల్సిన పని కూడా లేదు.

నేను చూపిన లేఖనాలలో ఏదైనా సందర్భం తప్పిందని మీకు తోస్తే దయచేసి పేరు పెట్టి చెప్పండి, సంఘపత్రికలలో రాయండి, కూటాలలో చర్చించండి. ఎపఫ్రా తన సంఘం "నిలుకడగా" ఉండాలని ఎల్లప్పుడూ ప్రార్థనలో పోరాడాడని ఆ పత్రిక చివర పౌలు సాక్ష్యం ఇచ్చాడు. గుమ్మం దగ్గర కూర్చుంటున్నవారు మీ సంఘంలోనూ ఉంటారు. వచ్చే ఆదివారం ఆరాధన మొదలుపెట్టేముందు దయచేసి వారిని పేరుతో పిలిచి ముందు చాప మీద కూర్చోబెట్టండి.

ఇట్లు,
క్రీస్తునందు మీ సహోదరుడు,
ఒక సంఘ పెద్ద